చారల మొహం, నల్ల పొట్ట: వేల్స్ కొండ గొర్రె మీద మీ ప్రశ్నలు

కిందటి సంచికలో వేల్స్ మీద వేసిన ఫోటోల్లో ఒకదాని మూల ఒక గొర్రె ఉంది. ఒళ్ళు తెలుపు, పొట్ట నలుపు, కళ్ళ పైన రెండు నల్ల చారలు. కోటల గురించీ కొండల గురించీ అడుగుతారనుకున్నాం. వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్ళలో సగానికి పైగా ఆ గొర్రె మీదే ఉన్నాయి. సరే, ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: ఆ గొర్రెకి రంగు పూశారా, లేక ఫోటోని కంప్యూటర్లో మార్చారా? ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు: రెండూ కాదండీ, దాని పుట్టుకే అంత. ఆ జాతిని బాడ్జర్ ఫేస్ వెల్ష్ మౌంటెన్ అంటారు. బాడ్జర్ అనేది బ్రిటన్‌లో బొరియల్లో ఉంటూ రాత్రిపూట తిరిగే జంతువు, దాని తెల్లటి మొహం మీద రెండు నల్ల పట్టీలు ఉంటాయి, పేరు అక్కణ్ణుంచే వచ్చింది. ఈ గొర్రెకి కాటుక కాస్త ఎక్కువైనట్టు కళ్ళ పైన వెడల్పాటి నల్ల చారలుంటాయి. అసలు విచిత్రం కిందుంది. దవడ దగ్గర మొదలైన నలుపు మెడ ముందు భాగం మీదుగా దిగి, పొట్ట పొడుగునా సాగి, తోక అడుగు భాగం దాకా వెళ్తుంది. వీపు మీద ఉన్ని తెలుపు కావచ్చు, బూడిద కావచ్చు, లేత గోధుమ రంగూ కావచ్చు. పక్కనుంచి చూస్తే తెల్ల గొర్రె నల్ల నీళ్ళలో పొట్టదాకా దిగి బయటికొచ్చిందా అనిపిస్తుంది. పిల్లల్లో ఈ గీతలు మరీ స్పష్టంగా ఉంటాయి, అందుకే ఫోటోలు తీసేవాళ్ళంతా ఏప్రిల్ నెలలోనే ఆ కొండల మీదికి ఎగబడతారు.

ప్రశ్న: నేను స్వాన్సీలో చదువుకుంటున్నాను. ఒకసారి బస్సులోంచి దీనికి సరిగ్గా ఉల్టా ఉన్న గొర్రెల్ని చూశాను, ఒళ్ళు నలుపు, పొట్ట తెలుపు. అది వేరే జాతా?

జవాబు: ఒకే జాతి, రెండు రకాలు. నల్ల పొట్టదాన్ని తోర్‌ది అంటారు, తెల్ల పొట్టదాన్ని తోర్‌వెన్ అంటారు. వెల్ష్ భాషలో ఆ పేర్లకి అర్థం కూడా అంతే, నల్ల పొట్ట, తెల్ల పొట్ట. తోర్‌వెన్‌కి కళ్ళ పైన గీతలు ఉంటాయిగానీ సన్నగా, తెల్లగా ఉంటాయి, దూరం నుంచి కనపడకపోవచ్చు.

దీని వెనక కథ చాలా బావుంటుంది, కొంచెం ఓపిగ్గా చదవండి. గొర్రె ఒంటి మీద ఎక్కడ నలుపు రావాలి, ఎక్కడ లేత రంగు రావాలి అనేది ఎక్కువగా అగూటి అనే ఒక జీన్ చేతిలో ఉంది. ఆ జీన్ పనిచేసే చోట వెంట్రుకలోకి నల్ల రంగు చేరదు, అక్కడ తెలుపో లేత గోధుమో వస్తుంది. పనిచెయ్యని చోట నలుపు. ఈ జీన్‌కి రకరకాల రూపాలున్నాయి. ఒక రూపం వీపు మీద పనిచేసి పొట్ట దగ్గర ఊరుకుంటుంది, అది తోర్‌ది. ఇంకొక రూపం పొట్ట దగ్గర పనిచేసి వీపు మీద ఊరుకుంటుంది, అది తోర్‌వెన్. మామూలు తెల్ల గొర్రెలో అయితే ఈ జీన్‌కి అదనపు నకలు ఉండి, ఒళ్ళంతా పనిచేస్తూనే ఉంటుంది, ఇక నల్ల రంగుకి చోటే దొరకదు. అడవి జంతువుల్లో చాలావాటికి వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉంటుంది కదా, ఆ లెక్కన తోర్‌వెనే లోకరీతి. తోర్‌ది తలకిందులు. కానీ తోర్‌ది గీతలు వేల్స్‌కే పరిమితం అనుకోకండి, ఐస్‌లాండ్ గొర్రెల్లో ఉన్నాయి, కరీబియన్ దీవుల్లోని బార్బడోస్ బ్లాక్‌బెల్లీకీ అదే నల్ల పొట్ట.

ప్రశ్న: మా అన్నయ్య పొవిస్‌లో ఒక గొర్రెల ఫారంలో పనిచేస్తున్నాడు. మంద మొత్తం తెల్ల వెల్ష్ మౌంటెన్ గొర్రెలే. ఈ ఏడు ఒక తెల్ల గొర్రెకి చారల మొహంతో, నల్ల పొట్టతో పిల్ల పుట్టింది. పక్క ఫారం పొట్టేలు కంచె దూకి వచ్చిందని యజమాని గొడవ పడుతున్నాడట. మావాడే గేటు సరిగ్గా వెయ్యలేదని అనుమానం కూడా. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ అన్నయ్యని నిశ్చింతగా ఉండమనండి, చెల్లెమ్మా. పక్క పొట్టేలు వచ్చి ఉండొచ్చు, రాకపోయినా ఇలాంటి పిల్ల పుట్టొచ్చు. తెల్ల వెల్ష్ మౌంటెన్ మందల్లో అప్పుడప్పుడూ ఇలా చారల పిల్లలు పుడుతూనే ఉంటాయి, అక్కడి రైతులకి ఇది కొత్తేమీ కాదు. పైన చెప్పిన జీన్‌లో తెలుపు రూపానిది పైచెయ్యి. గొర్రెకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు రూపాలు వస్తాయి. ఒకటి తెలుపు, ఒకటి చారలది అయితే గొర్రె తెల్లగానే కనపడుతుంది, చారల రూపం లోపల దాక్కుని ఉంటుంది. అలాంటి తెల్ల గొర్రె, అలాంటి తెల్ల పొట్టేలు కలిస్తే నాలుగింట ఒక వంతు అవకాశం, పిల్లకి రెండు వైపుల నుంచీ చారల రూపమే రావడానికి. ఒకదానిలో చారలది, రెండోదానిలో నిండు నలుపుది దాక్కుని ఉన్నా చారల పిల్ల పుట్టొచ్చు, ఎందుకంటే నలుపు మీద చారలది పైచెయ్యి. తరాల తరబడి పైకి రాకుండా ఉండి ఒక్కసారిగా బయటపడుతుంది కాబట్టే జనం పక్కింటి పొట్టేలుని తిడతారు.

యజమానికి నిజంగా తేల్చుకోవాలనే ఉంటే డీఎన్ఏ పరీక్షతో తండ్రిని పట్టుకోవచ్చు. ఒక్క పిల్ల కోసం అంత ఖర్చు పెట్టే రైతు ఉంటాడని నేననుకోను.

ప్రశ్న: ఆడవాటికి కొమ్ములుంటాయా?

జవాబు: ఉండవు. పొట్టేళ్ళకే, వంపు తిరిగి ఉంటాయి.

ప్రశ్న: ఇది ఎంత పాత జాతి? ఇంత అందంగా ఉంటే వేల్స్ నిండా ఇవే ఉండాలి కదా, తెల్లవే ఎందుకు ఎక్కువ?

జవాబు: అందం కోసం గొర్రెల్ని పెంచినవాళ్ళు ఏ కాలంలోనూ పెద్దగా లేరండీ. వేల్స్ కొండ గొర్రెలు పాతకాలంలో తెలుపు, నలుపు, గోధుమ, చారలు, అన్ని రంగుల్లోనూ ఉండేవి. ఉన్ని వ్యాపారం పెరిగేకొద్దీ రంగుల కథ మారింది. స్ట్రాటా ఫ్లోరిడా లాంటి, సిస్టర్షియన్లనే క్రైస్తవ సన్యాసుల మఠాలు (ఇది 1164లో మొదలైంది) వేల్స్ కొండల మీద పెద్ద ఎత్తున గొర్రెల్ని పెంచి ఉన్ని అమ్మాయి. తెల్ల ఉన్నికి ఏ రంగైనా అద్దొచ్చు. నల్ల పోగులు కలిసిన ఉన్నికి అద్దితే మచ్చలు మచ్చలుగా వస్తుంది. అంతే, కొనేవాడు తెల్లదాన్ని ఏరుకున్నాడు, రైతు తెల్ల పొట్టేళ్ళనే మందలో ఉంచుకున్నాడు, చారలవి సంతకి పోయాయి. తర్వాతి శతాబ్దాల్లో పొవిస్‌లోని న్యూటౌన్ ఫ్లానెల్ బట్టకి పేరుపడింది. అక్కడి ప్రైస్ జోన్స్ అనే వర్తకుడు 19వ శతాబ్దంలోనే పోస్టు మీద, రైలు మీద బట్టలు పంపే వ్యాపారం పెట్టాడు, ఆయన చుట్టుకునే పరుపు ఒకటి 1876లో పేటెంట్ చేయించాడు, ఇప్పటి స్లీపింగ్ బ్యాగుకి అది తాత లాంటిది. ఇది మీ ప్రశ్నకి సంబంధం లేనిదే, చెప్పకుండా ఉండలేకపోయాను.

చారలవి పూర్తిగా పోకపోవడానికి రెండు కారణాలు. ఒకటి ఇందాక చెప్పుకున్నట్టు తెల్ల మందల్లోనే దాక్కుని ఉన్నాయి. రెండు, కొందరు రైతులు తెల్లవాటి మధ్య ఒకటో రెండో ఇష్టపడి అట్టే పెట్టుకున్నారు. అలాంటి వాళ్ళంతా కలిసి 1976లో ఈ జాతికి ఒక సంఘం పెట్టుకుని మంద పుస్తకం, అంటే గొర్రెల వంశం రాసిపెట్టే రిజిస్టరు, మొదలుపెట్టారు. అంటే గొర్రె పాతదే, ‘జాతి’ అని కాగితం మీదికి ఎక్కింది మాత్రం ఈమధ్యే. నన్నడిగితే మొహం చూసి కాపాడుకున్నారుగానీ, కాపాడుకోవాల్సినంత విలువ దాని కాళ్ళలో, పళ్ళలో, తల్లితనంలో ఉంది. వానా మంచూ పట్టించుకోదు, నాసి గడ్డి తిని నెట్టుకొస్తుంది, ఎవరి సాయం లేకుండా ఈనుతుంది, పిల్లని వదలదు.

ప్రశ్న: ఆ కొండల మీద కంచెలు లేవు, కాపరి కనపడలేదు. గొర్రెలు తప్పిపోవా?

జవాబు: పోవు. ఎక్కడ మెయ్యాలో వాటికి తెలుసు. వేల్స్‌లో దీన్ని కనెవిన్ అంటారు, ఆ గొర్రెకి అలవాటైన, అది తనదనుకునే మేత నేల. పిల్ల మొదటి వేసవి తల్లి వెంట తిరుగుతూ ఏ వాలు ఎవరిది, నీళ్ళెక్కడ, గాలివాన వస్తే ఏ బండ చాటుకి పోవాలి అనేవి నేర్చుకుంటుంది. పెద్దయ్యాక తన పిల్లకి అదే నేర్పుతుంది. అందుకే వేల్స్‌లో కొండ ఫారం చేతులు మారినప్పుడు మందని కూడా నేలతో పాటే అప్పగించడం మామూలు, మంద పోతే ఆ ఎరుకా పోతుంది.

2001లో బ్రిటన్‌లో గాళ్ళు, అదే ఫుట్ అండ్ మౌత్ వ్యాధి వచ్చినప్పుడు 60 లక్షలకి పైగా పశువుల్ని చంపేశారు, వాటిలో ఎక్కువ గొర్రెలే. కొండ రైతుల భయమంతా ఇదే. డబ్బు పరిహారంగా వస్తుంది, కొత్త గొర్రెలూ దొరుకుతాయి, కానీ బయటనుంచి తెచ్చిన మందకి కొండ తెలియదు. కంచె లేని చోట వాటిని నిలబెట్టాలంటే ఏళ్ళ తరబడి రోజూ మనిషో కుక్కో వెనక్కి మళ్ళిస్తూ ఉండాల్సిందే.

ప్రశ్న: చెర్నోబిల్ ప్రమాదం వల్ల వేల్స్ గొర్రెల్ని తినకూడదన్నారట. ఎక్కడో ఉక్రెయిన్‌లో జరిగితే వేల్స్‌కి ఏం సంబంధం? పుకారేనా?

జవాబు: పుకారు కాదు. 1986 ఏప్రిల్ 26న రియాక్టర్ పేలింది, దాన్నుంచి లేచిన రేడియోధార్మిక మేఘం బ్రిటన్ మీదికి వచ్చిన రోజుల్లోనే ఉత్తర వేల్స్ కొండల మీద గట్టి వాన పడింది, ఆ వానతో సీజియం అనే రేడియోధార్మిక పదార్థం నేలలోకి దిగింది. మైదానాల బంకమట్టి సీజియంని పట్టి ఉంచేస్తుంది, గడ్డికి ఎక్కనివ్వదు. కొండల మీది పీట్ నేలకి, అంటే కుళ్ళిన నాచూ గడ్డీ పేరుకున్న తడి నేలకి, ఆ గుణం లేదు. అలా గడ్డిలోకి, గడ్డి నుంచి గొర్రెల్లోకి చేరింది. కిలో మాంసానికి 1,000 బెకరెల్స్ (రేడియోధార్మికతకి కొలత) దాటితే అమ్మకూడదని పరిమితి పెట్టారు, గొర్రెల్ని కదిలించే ముందు మీటరు పెట్టి చూడటం, ఎక్కువున్నవాటికి రంగు గుర్తు వేసి ఆపెయ్యడం. కొన్ని వారాలే ఉంటుందన్న ఈ ఏర్పాటు వేల్స్‌లో 2012లో గానీ ఎత్తెయ్యలేదు. 26 ఏళ్ళు! కొండ దించి మైదానం గడ్డి మేపితే కొద్ది వారాల్లో గొర్రె ఒంట్లో సీజియం తగ్గిపోయేది, కానీ అందరికీ కింద పొలం ఉండదు కదా. ఇప్పుడు ఆ ఆంక్షలేమీ లేవు, నిరభ్యంతరంగా తినొచ్చు.

ప్రశ్న: నేను అల్లికలు చేస్తాను. ఈ గొర్రె ఉన్నితో స్వెట్టరు అల్లొచ్చా?

జవాబు: అల్లొచ్చు, ఒంటికి తగిలేలా తొడుక్కోకండి, దురద పెడుతుంది. వెల్ష్ మౌంటెన్ ఉన్ని గట్టిది, మధ్య మధ్య పెళుసైన బిరుసు వెంట్రుకలుంటాయి. వాన నీరు ఒంటికి అంటకుండా జారిపోవడానికి గొర్రెకి అవి బాగా పనికొస్తాయి, మనకి కాదు. ఇలాంటి ఉన్ని ఎక్కువగా తివాచీలకి పోతుంది. తోర్‌ది ఉన్నికి ఇంకో చిక్కు, నల్లది, తెల్లది విడదియ్యాలి. చేత్తో వడికేవాళ్ళకి మాత్రం ఇదే ఇష్టం, ఒక్క గొర్రె నుంచి అద్దకం లేకుండానే రెండు మూడు రంగులు వస్తాయి. తోర్‌వెన్ నలుపు కొసల్లో ఎండకి వెలిసి గోధుమ రంగుకి తిరుగుతుంది, వడికితే ఆ ఛాయ బాగుంటుంది.

రైతుకి ఉన్ని వల్ల వచ్చేది చాలాసార్లు కత్తిరింపు కూలికే చాలదు. అయినా ఏటా కత్తిరించక తప్పదు, లేకపోతే వేసవిలో ఈగలు వాలి పురుగులు పడతాయి. పైగా బ్రిటన్‌లో నాలుగు కంటే ఎక్కువ పెద్ద గొర్రెలుంటే బ్రిటిష్ ఉల్ సంస్థలో నమోదు చేసుకోవాలి, 1950 నుంచి ఉన్న పద్ధతి ఇది.

ప్రశ్న: మేం అబర్‌గవెన్నీ దగ్గర పెద్ద దొడ్డి ఉన్న ఇల్లు తీసుకున్నాం. పిల్లలు ఈ గొర్రెలు కావాలని ఒకటే గోల. మూడు తెచ్చుకుని కుక్కల్లా పెంచుకుందామనుకుంటున్నాం. ఇంట్లో మిగిలిన అన్నం, కూరలు కూడా పెట్టొచ్చు కదా?

జవాబు: ముందు ఆఖరి మాట సంగతి. వద్దు, అస్సలు వద్దు. బ్రిటన్‌లో వంటింట్లోంచి వచ్చింది ఏదైనా, మిగిలిన కూరగాయ ముక్క అయినా సరే, గొర్రెలకి పెట్టడం చట్టవిరుద్ధం. మీరు పెంపుడు జంతువన్నా చట్టం దృష్టిలో గొర్రె గొర్రే. 2001 నాటి అనుభవం తర్వాత ఈ విషయంలో చాలా గట్టిగా ఉంటారు.

ఇక తెచ్చుకోవడం. ఒక్క గొర్రె ఉన్నా నియమాలన్నీ వర్తిస్తాయి. ముందు ఆ స్థలానికి సీపీహెచ్ అనే గుర్తింపు నంబరు తీసుకోవాలి, వేల్స్ ప్రభుత్వం ఇస్తుంది. తర్వాత మందకి ఫ్లాక్ మార్క్ అనే గుర్తింపు నంబరు. గొర్రెలకి చెవి ట్యాగులు, వాటిలో ఒకటి ఎలక్ట్రానిక్. గొర్రెలు మీ దగ్గరికి వచ్చిన మూడు రోజుల్లోపు ఈఐడీ కమ్రీ అనే వ్యవస్థలో ఆ కదలిక నమోదు కావాలి, అవి వచ్చిన రోజు నుంచి ఆరు రోజులు మామూలుగా అక్కణ్ణుంచి ఏ గొర్రెనీ బయటికి పంపకూడదు. ఒక రిజిస్టరు పెట్టుకుని అన్నీ రాయాలి, జనవరి 1న ఎన్నున్నాయో ఏటా చెప్పాలి. వినడానికి భారంగా ఉందిగానీ ఒకసారి అలవాటైతే పెద్ద పనేం కాదు, కాగితాలు చూసి వెనక్కి తగ్గేవాళ్ళ కంటే కాగితాలు చూడకుండా గొర్రెల్ని కొనేసేవాళ్ళే తర్వాత ఎక్కువ ఇబ్బంది పడతారు.

పొట్టేలు జోలికి పోకండి. పిల్లలున్న ఇంట్లో కొమ్ముల పొట్టేలు ప్రమాదం, సీసా పాలు తాగి పెరిగిన పొట్టేలైతే ఇంకా ప్రమాదం, దానికి మనిషంటే భయం ఉండదు. విత్తులు కొట్టిన మగవి మూడు, లేదా నాలుగు ఈతలయ్యాక కొండ రైతులు కిందికి అమ్మే ఆడ గొర్రెలు మూడు తెచ్చుకోండి. ఆ రెండోవి ముసలివి కావు, కొండకి పనికిరావంతే, మెత్తటి గడ్డి దొరికితే మీ దగ్గర ఇంకా చాలా ఏళ్ళుంటాయి. కొనేటప్పుడు మొహం మీద చారల్ని చూసి మురిసిపోకుండా నోరు తెరిచి పళ్ళు చూడండి, నడిపించి కుంటు ఉందేమో చూడండి, గిట్టల మధ్య కుళ్ళు వాసన వస్తుందేమో చూడండి. ఒక్కదాన్నే మాత్రం ఎప్పుడూ తేవద్దు, మందలో ఉండే జంతువు, ఒంటరిగా ఉంటే అరిచి అరిచి కృశించిపోతుంది.

కంచె మీరనుకున్నదానికంటే గట్టిగా వెయ్యండి. కొండ గొర్రె సన్నది, చురుకైనది, పక్కవాళ్ళ క్యాబేజీ మడి కనపడితే మీ కంచె ఒక లెక్క కాదు. దాణా కొంటే గొర్రెలకని రాసి ఉన్నదే కొనండి, పశువుల దాణాలో ఉండే రాగి గొర్రెల కాలేయంలో పేరుకుపోయి ఉన్నట్టుండి చంపేస్తుంది. మీది తడి ప్రాంతం కాబట్టి కార్జపు జలగల మందు ఎప్పుడు పట్టాలో అక్కడి వెట్‌ని ముందే అడిగి పెట్టుకోండి. మే నుంచి సెప్టెంబరు దాకా రోజూ తోక కింద చూడాలి, తడిగా, మురికిగా ఉంటే ఈగ గుడ్లు పెట్టేస్తుంది, పురుగు పడ్డాక రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఈ పని మీ పిల్లలు చేస్తారా? చెయ్యరు. మీరు చెయ్యాలి. సరేననుకుంటేనే తెచ్చుకోండి.

ప్రశ్న: మాంసం రుచి ఎలా ఉంటుంది?

జవాబు: ముక్కలు చిన్నవి, కొవ్వు తక్కువ, రుచి గాఢంగా ఉంటుంది. వేల్స్‌లో లీక్స్ (లావాటి ఉల్లికాడల్లాంటివి), బంగాళాదుంపలతో కలిపి కౌల్ అనే పులుసు కాస్తారు, దానికి ఏడాది దాటిన గొర్రె మాంసం చాలా బాగుంటుంది. వెల్ష్ ల్యాంబ్ అనే పేరుకి 2003 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది, అక్కడ పుట్టి అక్కడ పెరిగిన దానికే ఆ పేరు.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో పాండా మొహంతో ఒక గొర్రె తెగ తిరుగుతోంది. అది కూడా ఇదేనా?

జవాబు: కాదు. అది కెర్రీ హిల్, న్యూటౌన్ దగ్గర కెర్రీ అనే ఊరి పేరు. తెల్లటి మొహం, కళ్ళ చుట్టూ, ముక్కు మీద నలుపు. పొట్ట తెల్లగానే ఉంటుంది, అదే గుర్తు. అలాగే ఒళ్ళంతా ముదురు రంగులో ఉండి నుదుటి మీద తెల్ల పట్టీ, నాలుగు పాదాలూ తెలుపు, తోకలో సగం తెలుపు ఉంటే అది బల్వెన్. తవి నది లోయది. 1947 నాటి భయంకరమైన చలికాలంలో ఆ జాతిలో మిగిలింది ఒకే ఒక్క పొట్టేలట. ఒళ్ళంతా నలుపే అయితే బ్లాక్ వెల్ష్ మౌంటెన్, దాని సంఘం 1922 నాటిది. వేల్స్‌లో మనుషులు 31 లక్షలు, గొర్రెలు 90 లక్షల దాకా, కాబట్టి ఇన్ని రకాలు ఉండటంలో వింతేం లేదు.

ప్రశ్న: వచ్చే ఏడు వేల్స్ వెళ్తున్నాం. వీటిని దగ్గరగా ఎక్కడ చూడొచ్చు?

జవాబు: జూలైలో వెళ్తే బిల్త్ వెల్స్ పక్కన లాన్‌ఎల్వెద్‌లో జరిగే రాయల్ వెల్ష్ షోకి వెళ్ళండి, నాలుగు రోజులుంటుంది. 1904లో మొదలైన ప్రదర్శన, 1963 నుంచి అక్కడే స్థిరపడింది. గొర్రెల షెడ్లలో తోర్‌ది, తోర్‌వెన్ రెండూ కనపడతాయి, యజమానులు పక్కనే కూర్చుని ఉంటారు, అడిగితే ఓపిగ్గా చెప్తారు. పోటీకి తెచ్చిన గొర్రెని ముట్టుకునే ముందు మాత్రం అడగండి, దాని ఉన్ని దువ్వి సర్దడానికి పొద్దున్నుంచీ కష్టపడి ఉంటారు. మార్చి, ఏప్రిల్‌లో కొండల మీద నడుస్తూ చూడాలనుకుంటే తెరిచిన గేటు తెరిచినట్టు, మూసిన గేటు మూసినట్టు వదిలి వెళ్ళండి, ఒంటరిగా కనపడిన పిల్లని ఎత్తుకోకండి, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. వెంట కుక్క ఉంటే గొలుసు వదలొద్దు. గొర్రెల్ని తరిమే కుక్కని కాల్చే హక్కు కొన్ని పరిస్థితుల్లో రైతుకి ఉంది, అది ఎవరి కుక్కైనా సరే.